వ్యాసమునకు ఆధారము

నూజివీడు సీమలో కాయ కోతకు వచ్చినదో లేదో తెలిసికొనుటకు తోటవాడు దాని రంగును మాత్రమే నమ్మడు. తొడిమ యొద్ద భుజములు నిండినవో లేదో చూచును. ఒక కాయను కోసి టెంక ముదిరినదో, కండ పసుపు తిరిగినదో పరీక్షించును. నీటిలో వేసి మునుగునో తేలునో చూచువారును కలరు. ఒక సాక్ష్యము మఱియొక సాక్ష్యముతో కలిసినగాని నిచ్చెన వేయరు. ఇంత జాగ్రత్త యెఱిగిన యిండ్లనుండి కళాశాలలకు పోవు బిడ్డలు, ఒక వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు, ఎవరో వ్రాసిన నాలుగు పుటలను ఎత్తి వ్రాసి తృప్తిపడుచున్నారు. నేడు ఆ శ్రమయు తప్పినది. అడిగిన తోడనే యంత్రము వ్యాసమును వండి వడ్డించుచున్నది.

తప్పు బిడ్డలదని నేననను. వ్యాసమనగా మంచి మాటల మాలయని మనము వారికి చిన్ననాటనే నేర్పితిమి. ఆవును గూర్చియు, గ్రంథాలయమును గూర్చియు, దేశభక్తిని గూర్చియు వ్రాయించితిమి గాని, కాదనువాడొకడు ఎదుట నిలిచియున్నాడని తలచి వ్రాయుమని చెప్పితిమా? ఈ లోపమునకు నూఱేండ్లు దాటిన చరిత్ర కలదు.

చెన్నపురి విశ్వవిద్యాలయమువారి ఇంటర్మీడియెట్ పరీక్షలోను, స్కూలు ఫైనలు పరీక్షలోను తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండవలెనను వివాదము 1911 మొదలు 1914 వఱకు తెలుగుదేశము నుడికించినది. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము ననుసరించియే వ్రాయవలెనని ఒక పక్షము, శిష్టులు మాటలాడు భాషలో వ్రాయవచ్చునని మఱియొక పక్షము. 1913లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆధునికాంధ్రమును సమర్థించుచు ఒక విజ్ఞాపనను ప్రకటించిరి. ఆ సంవత్సరమే జయంతి రామయ్య పంతులుగారు గ్రంథభాషా పక్షమున పుస్తకము వ్రాసిరి. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. ఆ మూడు పత్రములును ఎట్టివనుకొన్నారు? తెలుగు పిల్లవాడు తెలుగెట్లు వ్రాయవలెనో తేల్చు మూడు వాదములును ఇంగ్లీషులో వ్రాయబడినవి! అధికారులకు తెలియవలెను గనుక అట్లు వ్రాసిరనుట నిజమే. అయినను, గంభీరమైన వాదమునకు ఒక భాష, పరీక్షలో మార్కులకు మఱియొక భాష అను విభజన ఆనాడే మన మనస్సులలో నాటుకొనినదని నా యభిప్రాయము.

వివాదమంతయు క్రియాపదముల చుట్టును తిరిగినది. విద్యార్థి “వచ్చెను” అని వ్రాయవలెనా, “వచ్చాడు” అని వ్రాయవలెనా యని పెద్దలు పోరాడుచుండగా, వచ్చినవాడెవడు, వచ్చినట్లు సాక్ష్యమేమి యని విద్యార్థి నడిగినవారు లేకపోయిరి. చిత్రమేమనగా, పోరాడిన పెద్దలు మాత్రము ఆ ప్రశ్నను మఱువలేదు. గిడుగువారి పద్ధతినే చూడుడు. తమ యిష్టమును చాటి యూరకుండక, పూర్వగ్రంథములనుండి ప్రయోగములను ఏరి చూపిరి. నియమములు చెప్పు పండితులే తమ రచనలలో ఆ నియమములను దాటిన చోట్లను ఎత్తి చూపిరి. ప్రతిపక్షి చేతి కొలబద్దతోనే ప్రతిపక్షిని కొలుచుట వాదములలోకెల్ల బలమైన వాదము. 1919లో వారు “తెలుగు” అను పత్రికను పెట్టి ఈ వాదమునే తెలుగులో నడిపిరి. కళాశాలలో విద్యార్థికి నేర్పవలసినది వారి తీర్పుకంటె వారి పద్ధతి. వారి తీర్పును ఒప్పుకొననివారును ఆ పద్ధతిని నేర్చుకొనవచ్చును.

అయితే ఇట్టి పద్ధతికి కళాశాలయే కావలెనా? ఈ వివాదమునకు పదేండ్లు ముందే, కళాశాల గడప త్రొక్కని యొక స్త్రీ దీనిని ఆచరించి చూపినది. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. పెనుగంచిప్రోలు ఆ కుటుంబము ఊరు. 2022లో జిల్లాలను విడదీయువఱకు ఆ ఊరును నూజివీడును ఒక్క కృష్ణాజిల్లాలోనివే. తమ్ముడు చదువుకొనుచుండగా తానును చదువుకొని, పలుభాషలు నేర్చి, 1901లో “అబలా సచ్చరిత్రరత్నమాల”ను వెలువరించిరి. స్త్రీలు స్వభావముచేతనే బలహీనులును బుద్ధిహీనులును అనునది లోకము మాట. చదువు చెప్పిన స్త్రీలు చెడుదురనునది మఱియొక మాట. ఆమె ఈ మాటలను దాచలేదు, తిట్టలేదు. వానిని ఎదుట నిలిపి, వాస్తవముగా జీవించిన స్త్రీల చరిత్రలను ఒకదాని వెంట నొకటి పేర్చిరి. మన తర్కశాస్త్రము దీనినే పూర్వపక్షము, సిద్ధాంతము అనును. పూర్వపక్షమును బలముగా చెప్పజాలనివానికి సిద్ధాంతము చెప్పు అర్హత లేదు. పురాణ స్త్రీల పాతివ్రత్యమును పొగడి ముగించిన యెడల ఆమె పుస్తకము మఱియొక స్తోత్రమై యుండెడిది. చరిత్రను సాక్షిగా పిలిచినందున అది వాదమైనది. 1902లో మచిలీపట్నమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిన ఆమె 1905లో, ముప్పదియొక్క యేండ్లయినను నిండకముందే, గతించినది.

ఆ తమ్ముడే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. అక్క యింట నాగపురమున చదువుకొని, 1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. చిలుకూరి వీరభద్రరావుగారి “ఆంధ్రుల చరిత్రము” మొదటి భాగము 1910లో ఆ మండలి పక్షముననే వెలువడినది. శాసనమేమి చెప్పుచున్నది, నాణెమేమి చెప్పుచున్నది, ఐతిహ్యమెంతవఱకు నమ్మదగినది అను ప్రశ్నలను తెలుగు చదువరి యింటి అరుగుమీదికి తెచ్చినవారిలో లక్ష్మణరావుగారు అగ్రగణ్యులు. ఆ అరుగుమీదికి వచ్చిన ప్రశ్న తరగతి గదిలోనికి ఏల పోలేదో నాకు నేటికిని వింతగనే ఉన్నది.

ఇప్పుడు నూజివీడునకే వత్తము. 1966లో ఇచ్చట ధర్మ అప్పారావు కళాశాల వెలసినది. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి ముగించిన పల్లెటూరి పిల్లలు ఆఱేండ్లు చదువుదురు. వీరిలో ఒకరు “నూజివీడు రసములకు ప్రసిద్ధి తెచ్చినవారు జమీందారులు” అని వ్యాసము వ్రాయబూనిరనుకొందము. వినుటకు ఇంపైన మాటయే. దీనిని కాదనువాడు ఏమనును? చెట్టు నాటించినవాడు జమీందారు కావచ్చును గాని, అంటుకట్టి జాతిని నిలిపినవాడు తోటమాలి యనును. లేదా నేలయు నీరును చేసిన పనిని మనుష్యులకు అంటగట్టుచున్నారనును. ఈ మూడింటిలో ఏది యెంత నిజమో తేల్చుటకు ఎచ్చటికి పోవలెను? 1802 నాటి శాశ్వత పైసలా కాలపు లెక్కలు కలవు. 1883లో గార్డన్ మెకంజీ ప్రకటించిన కృష్ణామండల వృత్తాంతము కలదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము తరువాత భూములను రయిత్వారీగా మార్చినప్పటి కాగితములు కలవు. జమీందారీ వ్యాజ్యములపై న్యాయస్థానముల తీర్పులు కలవు. దొరతనము వ్రాయించిన కాగితము శిస్తును చూచును. కాయ రుచిని అది యెఱుగదు. కావున తోటలలోని వృద్ధులనుగూడ అడుగవలెను.

ఇది పిల్లలాటయని త్రోసివేయరాదు. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. అట్టి గుర్తింపును కోరువారు సరకునకును సీమకును గల సంబంధమును ఆధారములతో నిరూపింపవలెను. చిన్నరసమునకో పెద్దరసమునకో అట్టి పత్రము వ్రాయవలసి వచ్చినప్పుడు వ్రాయగలవారు ఈ యిండ్లలో ఉండవలదా? మాట ఋజువు చేయుట రానివాని తోటకు పేరును ధరను పరులే పెట్టుదురు.

తల్లిదండ్రులు చేయదగిన పని యొకటి కలదు. బిడ్డ వ్యాసము తెచ్చినప్పుడు అక్షరదోషములు వెదకుటకు ముందు, “ఇది నీకెట్లు తెలిసినది? కాదనువాడేమనును?” అని అడుగుడు. జవాబు రాకున్న కోపింపక తోటకు పంపుడు. ముసలి మాలి ఒక చెట్టు వయస్సు నూఱేండ్లనవచ్చును, భూమి కాగితము ఆ కాలమున అచ్చట తోటయే లేదనవచ్చును. అప్పుడు ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కన వ్రాసికొని, మూడవ సాక్షిని వెదకవలెను. వేసవి సెలవులును కాయకోతయు ఒక్కసారే వచ్చును గనుక, ఆ దినములలో అడుగుటకు తోటనిండ మనుష్యులుందురు.