యూనిక్సు, పి.సి., డిస్కు కంట్రోలరు

పటాన్‌చెరు, సంగారెడ్డి అనగానే మనకు కర్మాగారాలే తలపునకు వస్తవి. కాని లెక్కలు భద్రపరచుకొనవలసిన చోట్లు కూడ ఆ దారిలోనే ఉన్నవి. 1972లో పటాన్‌చెరున వెలసిన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటలను పరిశోధించును. 2008లో ఆరంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి. సంగారెడ్డి చేరువలోని కంది గ్రామాన స్థిరపడినది. వ్రాసిన అంకె తిరిగి చేతికి వచ్చుటకు డిస్కు కావలెను. డిస్కుకు, కంప్యూటరుకు నడుమ దుబాసి కంట్రోలరు. ఆ దుబాసి కథనే నేడు మేము మనవి చేయదలచినాము.

యూనిక్సు పుట్టుకలోనే డిస్కు ఉన్నది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, పి.డి.పి.-7 డిస్కు నుండి వీలైనంత వేగమును రాబట్టుటకు చేసిన యత్నములు ఆ వ్యవస్థకు దారితీసినవి. 1970 వేసవిలో పి.డి.పి.-11 వచ్చినది గాని, దాని డిస్కు డిసెంబరు వరకు రాలేదు. అంతవరకు ఆ యంత్రము చదరంగపు గుర్రపు గతులను లెక్కించుచు కాలము గడిపినది!

మన దేశమునకు 1984 ముఖ్యమైన సంవత్సరము. నూతన కంప్యూటరు విధానము, బ్యాంకుల కంప్యూటరీకరణపై రంగరాజన్ సంఘపు నివేదిక ఆ యేడే వచ్చినవి. ఐ.బి.ఎం. వారి పి.సి.-ఏటీ కూడ అప్పుడే వెలువడినది. తరువాతి యేండ్లలో అనేక బ్యాంకు శాఖల పద్దులు పి.సి.లపై యూనిక్సులో నడిచినవి.

ఇక్కడనే చిక్కు వచ్చినది. డాస్ తన పనిని బయాస్‌కు అప్పగించి ఊరకుండును. పెక్కుమందికి ఒకేసారి సేవ చేయు యూనిక్సుకు అది చాలదు; కంట్రోలరుతో తానే మాటాడవలెను. అందుకు తగిన డ్రైవరు లేకున్న, డాస్ చక్కగా నడిచిన డిస్కు సైతము యూనిక్సుకు లేనట్లే. కావున ఏటీలోని వెస్టరన్ డిజిటల్ కంట్రోలరు భాషయే అందరికి ప్రమాణమైనది.

ఇక వేగము సంగతి. ఆనాటి డిస్కు నిమిషమునకు 3600 మారులు తిరుగును. ఒక్కొక్క వలయమున 17 విభాగములు, విభాగమునకు 512 బైట్లు. కంట్రోలరు ఒక విభాగమును అందించి, తరువాతిదానిని పట్టుకొనుటలో లేశమాత్రము ఆలస్యము చేసినను, పూర్తి చుట్టు వేచియుండవలెను. అందుచే వరుస విభాగములను ఎడమెడముగా అమర్చిరి. మూడింటికొకటి చొప్పున అమర్చిన, సెకనుకు 522 వేల బైట్లు రావలసిన చోట 174 వేలే వచ్చును. 1986లో ప్రమాణమైన స్కసీ పద్ధతిలో, కొన్ని కంట్రోలర్లు సమాచారమును తామే స్మృతిలో చేర్చి ప్రాసెసరుకు శ్రమ తప్పించినవి. కాని వాటి భాష వేరు. పరిచితమైన మందగతియా, అపరిచితమైన వేగమా? కొనువారికి ఇదే సందిగ్ధము.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్సును ప్రకటించినపుడు, ఏటీ డిస్కులు తప్ప ఇతరములు ఎన్నటికిని నడువవేమో అన్నాడు. ఆ మాట నిలువలేదు. మూలపాఠము అందరికి తెరచియుండుటచే ఎవరెవరో స్కసీ డ్రైవర్లు వ్రాసి చేర్చిరి.

డిస్కు ఎంత వేగముగా తిరిగినను, దుబాసి భాష ఒక్కని గుప్పిట నున్నచో మన లెక్కలు పరాధీనములే. ఆ భాష నలుగురికి తెలిసినపుడే, నేడు వ్రాసిన పద్దును రేపటివారు చదువగలరు.