పరపుర ప్రవేశము

ఖరగపూరులో ఇందా అను పేట కలదు. అక్కడి ఖరగేశ్వర శివాలయము ప్రసిద్ధము. ఆ పరిసరములు పూర్వము హిడింబవనమనియు, భీమసేనుడు హిడింబాసురుని సంహరించి హిడింబను చేపట్టిన తావు అదియే యనియు స్థానికులు చెప్పుకొందురు. ఇదే కథను హిమాలయ ప్రాంతమందలి మనాలి వారును, నాగాలాండులోని దిమాపూరు వారును తమ ఊరి కథగానే భావింతురు. మనాలిలో 1553 లో కట్టిన హిడింబాలయము నేటికిని నిలిచియున్నది. వీరిలో ఎవరి మాట నిజమని తేల్చుటకంటె సాహిత్య చరిత్రకు ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు. భారతములోని అడవిని ఇన్ని ఊళ్లవారు తమ ఊరి పొలిమేరలో ఎట్లు చూడగలిగిరి? ఒకరు కల్పించిన లోకము మఱియొకరి నేలపై ఎట్లు వేరూనును? అట్లు తెచ్చుకొన్న లోకము తెచ్చుకొన్నవారి సొత్తగునా, లేక ఎన్నటికిని ఎరువు సొమ్ముగానే యుండునా?

ఈ ప్రశ్న ఖరగపూరు తెలుగువారికి కేవలము శాస్త్రచర్చ కాదు. ఆ పట్టణము రైలుమార్గము వలన పుట్టినది. బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ 1887 లో ఏర్పడెను. 1900 లో రూపనారాయణ నదిపై వంతెన పూర్తియగుటతో ఖరగపూరునకు హౌరాతో నేరు సంబంధము కలిగెను. తూర్పుతీరము వెంబడి బెజవాడ వఱకు అప్పటికే మార్గము పడియుండుటచే, కలకత్తాకును తెలుగు దేశమునకును నడుమ ఆ ఊరు ప్రధానమైన కూడలి యయ్యెను. అక్కడ వెలసిన వర్కుషాపులోను, రైల్వే కొలువులలోను పనికై విశాఖపట్టణము, శ్రీకాకుళము, గంజాము ప్రాంతముల నుండి తెలుగు కుటుంబములు పెక్కు తరలిపోయినవి. వారు విడిచిన ఊరిని చేరిన ఊరిలో మఱల కట్టుకొనిరి. ఇంటి భాష తెలుగు, వీథి భాష బంగాళీ, పనిచోట హిందీ. అమ్మవారి పండుగలు తమవి. దుర్గాపూజ పందిళ్లు ఇరుగుపొరుగువారివి. ఇట్టి చోట పుట్టిన బిడ్డకు కథలన్నియు ఒక్క యింటినుండియే లభింపవు.

మన ఆలంకారికులు ఈ విషయమును సిగ్గుపడి దాచలేదు. కవుల భావములు ఒకదానితో నొకటి పోలుటను ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున మూడు విధములుగా విభజించెను: అద్దములోని ప్రతిబింబము వంటిది, చిత్తరువు వంటిది, ఇద్దఱు మనుష్యుల నడుమనుండు పోలిక వంటిది. కావ్యమీమాంసా కర్తయైన రాజశేఖరుడు వీనికి నాలుగవదానిని చేర్చి, దానికి పరపురప్రవేశ సదృశమని పేరిడెను. పురమనగా నిక్కడ శరీరము. యోగి మఱియొక దేహమున ప్రవేశించినట్లు, మూలవస్తువు ఒకటియే యైనను దాని కూర్పును రూపమును పూర్తిగా మాఱుట దీని లక్షణము. మాటలు మాత్రమే మార్చి అర్థమును యథాతథముగా నుంచు ప్రతిబింబ పద్ధతిని విజ్ఞులు మెచ్చరు. పరపుర ప్రవేశమో, సమర్థుని పని. హరణము తప్పా ఒప్పా యను ఒక్క ప్రశ్నతో వారు తృప్తిపడలేదు. హరించినదానిని కవి ఏమి చేసెనని విచారించిరి.

ఈ కొలబద్దతో చూడదగిన గొప్ప నిదర్శనము ఖరగపూరునకు చేరువనే, మేదినీపురపు సముద్రతీరమున కలదు. బంకించంద్ర చటోపాధ్యాయుడు బాల్యమున మేదినీపురములోని ఇంగ్లీషు బడిలో చదివెను. 1860 లో అదే జిల్లాలోని నెగువాకు డిప్యూటీ మేజిస్ట్రేటుగా వచ్చెను. అక్కడ ఒక కాపాలికుడు రాత్రివేళల ఆయన యింటికి వచ్చుచుండెనని ఆయన తమ్ముడు పూర్ణచంద్రుడు వ్రాసెను. సంఘమును ఎఱుగక అడవిలో కాపాలికుని పెంపకమున ఎదిగిన కన్యను పెండ్లాడి సంఘములోనికి తెచ్చినచో ఆమె స్వభావము మాఱునా యని బంకించంద్రుడు మిత్రుడైన దీనబంధు మిత్రుని అడిగెనట. ఆ ప్రశ్నకు 1866 లో వెలువడిన కపాలకుండల నవల సమాధానము.

ఆ నవలలోని లోకము ఏయే దినుసులతో కట్టబడినదో చూడుడు. నాయిక పేరు భవభూతి మాలతీమాధవములోనిది. అచ్చట కపాలకుండల అఘోరఘంటుని శిష్యురాలు, క్రూరురాలు. ఏకాంతమున పెరిగిన కన్య యను భావమునకు కాళిదాసు శకుంతలయు, షేక్స్పియరు టెంపెస్టులోని మిరాండాయు పూర్వరూపములు. వీరిద్దఱిని డెస్డిమోనాతో కూడ పోల్చి బంకించంద్రుడే తరువాత ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. అధ్యాయముల తలలపై సంస్కృత కవులనుండియు, ఆంగ్ల కవులనుండియు, మైకేల్ మధుసూదనుని నుండియు పంక్తులను ఉంచెను. గంగాసాగర యాత్రనుండి మరలుచు దారితప్పిన నావలోని నవకుమారుడు సముద్రమును తలచి చదువునది రఘువంశ శ్లోకము. ఇంత బహిరంగముగా తన అప్పులను ముంగిట చదివి వినిపించిన గృహస్థు అరుదు.

అయినను ఆ యిల్లు అతనిదే. ఏలయనగా రసూలుపురపు నదీముఖమందలి ఇసుక దిబ్బలు భవభూతి ఎఱిగినవి కావు. మిరాండా తండ్రితోడను వరునితోడను ద్వీపమును విడుచుటకు సిద్ధమగుటతో నాటకము ముగియును. సంఘములోనికి వచ్చిన పిమ్మట ఆమె గతి యేమో షేక్స్పియరు చెప్పలేదు. బంకించంద్రుని కథకు గుండెకాయ ఆ చెప్పని భాగమే. కపాలకుండల గృహిణి యయ్యును గృహమునకు చెందక, తుదకు గంగా ప్రవాహమున కలిసిపోవును. పూర్వులు ఆపిన చోట మొదలిడుట ఆయన చేసిన పని.

తెలుగు దేశమున ఇట్టి పనినే మఱియొక ప్రయోజనమునకై చేసినవారు కందుకూరి వీరేశలింగం పంతులు. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిన ఆయన, తరువాతి దశాబ్దమున సత్యరాజా పూర్వదేశయాత్రలు రచించెను. దీనికి మేలుబంతి 1726 లో వెలువడిన స్విఫ్టు గలివరు యాత్రలు. ఆ స్విఫ్టు సయితము గ్రీకు రచయిత లూసియను త్రొక్కిన త్రోవను నడచినవాడే. యాత్రికుడొకడు వింత దేశమున చిక్కుకొనుట, మహాకాయుల నడుమ మసలుట స్విఫ్టువలన వచ్చిన సామగ్రి. కాని సత్యరాజు మొదట చేరిన దేశము ఆడుమళయాళము. స్త్రీలే ఏలు రాజ్యమను కల్పన తెలుగువారికి క్రొత్త కాదు. జైమినిభారతమందలి ప్రమీల కథ, నాథయోగుల చరిత్రలోని మత్స్యేంద్రుని కథ దానిని చిరకాలముగా పోషించినవి. ఆ జానపద విస్మయమును పంతులుగారు వ్యంగ్యమునకు పనిముట్టుగా మలచిరి. అచట అధికారము స్త్రీలది, అణగియుండుట పురుషులది. తన యింటిలో సహజమని తోచిన నియమము తనకే వర్తించినప్పుడు ఎంత క్రూరమో పాఠకుడు అక్కడ కనుగొనును. స్విఫ్టుకు లేని అవసరము రాజమహేంద్రవరమున ఉండెను. గ్రంథమునకు ప్రాణము పోసినది ఆ అవసరమే.

తరువాత కొద్ది యేండ్లకే ఇట్టి తలక్రిందుల దేశము బంగాళ దేశపు స్త్రీ కలమునుండి వెలువడెను. రొకేయా సఖావత్ హుసేను ఇంగ్లీషులో వ్రాసిన సుల్తానా స్వప్నమున పురుషులు మర్దానాలో పరదా చాటున ఉందురు. స్త్రీలు సూర్యుని వేడిమిని పట్టి వంట చేయుదురు, మేఘములనుండి నీటిని గ్రహింతురు. భర్త దానిని చదివి, ఇది ఘోరమైన ప్రతీకారమని నవ్వుచు మెచ్చెనని చెప్పుదురు. అది 1905 లో అచ్చయినది మదరాసులో, ఇండియన్ లేడీస్ మ్యాగజైనులో. ఆ పత్రికను 1901 లో స్థాపించి నడపిన కమలా సత్యనాథన్ రాజమహేంద్రవరపు తెలుగు కుటుంబమున పుట్టినది. సత్యరాజు యాత్రలను రొకేయా చదివెనని అనుటకు ఆధారము లేదు, అనవలసిన పనియు లేదు. జనానా అను మాటను త్రిప్పి మర్దానా చేయుటకు ఆమెకు తన యింటి గోడలే చాలినవి. పంతులుగారు సంస్కర్తగా బయటనుండి చూచిన దుఃఖమును ఆమె లోపలనుండి ఎఱుగును. అందుచేత ఆయన లోకము పరిహాసమున ముగియగా, ఆమె లోకము నివసింపదగిన ఊరివలె తోచును. ఆమె 1911 లో కలకత్తాలో బాలికల పాఠశాలను నడపసాగుటయు ఆ స్వప్నమునకు కొనసాగింపే.

ఈ మూడు రచనలలో ఎరువు తెచ్చుకొనినది ఎంతయను లెక్క వేఱువేఱు. వానిని కలుపునది వేఱొకటి. తెచ్చిన దినుసును ప్రతి రచయితయు తన నేలపైని బాధకు జవాబుదారిగా నిలిపెను. అట్లు నిలుపనిచో బంకించంద్రుని పుస్తకము కాళిదాస షేక్స్పియరుల ప్రతిబింబమగును. పంతులుగారిది ఇంగ్లీషు పుస్తకమునకు చిత్తరువగును.

మఱల ఖరగపూరునకు వత్తము. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా గుర్తింపు నీయ నిశ్చయించెను. ఖరగపూరు తెలుగువారికి అది చిరకాల వాంఛితము. ఆ గుర్తింపు వలన దరఖాస్తునకు భాష దొరకును. కథకు లోకము దొరకదు. దానిని కట్టుకొనవలసినది అక్కడి రచయితలే. అచ్చమైన తెలుగు ఊరు తమకు లేదని వారు కుందనక్కఱ లేదు. ఇందాలోని హిడింబయు, రసూలుపురపు ఇసుకలోని కపాలకుండలయు, ఆడుమళయాళమును, సుల్తానా స్వప్నమును వారికి సమానముగా అందుబాటున నున్నవి. రైల్వే క్వార్టర్ల వరుసలలో నాలుగు తరములుగా పేరుకొన్న వలస జీవితము వారికి తప్ప మఱెవ్వరికిని లేదు. ఆ జీవితము అడుగు ప్రశ్నను మఱువనంత వఱకు, ఏ కవి కట్టిన ఏ పురమునందు ప్రవేశించినను వారు అతిథులు కారు, గృహస్థులే.