రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య

పెద్దలు మాటలాడుచుండగా పిల్లలు నోరు మూసికొని యుండుటయే వినయమని మనవారు చిరకాలమునుండి యెంచుచున్నారు. ఇంట తండ్రియు, బడిలో నుపాధ్యాయుడును ఈ విషయమున నేకాభిప్రాయులు. బాలుడు మాటలాడినచో దుడుకువాడు. ప్రశ్న వేసినచో పొగరుబోతు. ఇట్టి దేశమునందు పిల్లలను పిలిచి, మైక్రోఫోను ముందర నిలిపి, వారి పలుకులను లోకమునకు వినిపించిన దంపతులు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు. వారి చరిత్రము నుపాధ్యాయులెల్లరు నెఱుగదగినది.

రాఘవరావుగారు 1905 ఏప్రిల్ 13వ తేదీని బరంపురమున జన్మించిరి. ఆ పట్టణ మప్పుడు మదరాసు రాజధానిలోని గంజాము మండలమున నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమున జేరెను. మదరాసునందు ఆలిండియా రేడియో కేంద్రము 1938 జూన్ 16వ తేదీని ప్రారంభింపబడగా, అచటినుండి తెలుగు పిల్లల కార్యక్రమమును నడపు పని ఈ దంపతుల చేతికి వచ్చెను. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును, 1945లో 'బాల' యను మాసపత్రికను స్థాపించిరి. ఆంధ్రప్రదేశ మేర్పడిన 1956 తరువాత హైదరాబాదునకు వచ్చి నివసించిరి. నారాయణగూడలోని బాలానంద భవనము వారి కృషికి గుర్తుగా నిలిచినది. కామేశ్వరిగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను దివంగతులైరి.

ఈ సంవత్సరముల పట్టికకంటె ముఖ్యమైన విషయ మొకటి గలదు. వారు పిల్లల కేమగుదురు? అయ్యవారు గారు, పంతులమ్మ గారు. అన్నయ్య, అక్కయ్య! తెలుగింట తండ్రికి జెప్పరాని మాట నన్నయ్యకు జెప్పవచ్చును. తల్లికి జెప్ప భయపడుదానిని అక్కయ్య చెవిలో వేయవచ్చును. కావున నా రెండు పేళ్లు కేవలము ముద్దుపేళ్లు గావు. బెత్తమును మూల బెట్టి పిల్లల సరసన గూర్చుండుటకు వారు చేసికొన్న యేర్పాటు.

రేడియోకై పిల్లలకు వ్రాయుట యెంత కష్టమో యోచింపుడు. పుస్తకమునందు బొమ్మ యుండును. తెలియని మాట వచ్చినచో వెనుకకు దిరిగి చదువుకొనవచ్చును. రేడియోలో పోయిన మాట పోయినదే. విసుగు పుట్టిన పిల్లవాడు మర్యాదకై కూర్చుండడు. లేచి గోలీల కేగును. కావున వాక్యము చిన్నదిగా నుండవలెను. కర్త యెవరో, యేమి జరిగెనో వెంటనే తెలియవలెను. పల్లవి మరల మరల రావలెను. పిల్లి, వాన, రైలు చప్పుళ్లతో గన్నులకు గట్టవలెను. సంధులు, సమాసములు నేర్చినవారి కిది సులభసాధ్యము గాదు. నే నీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నాను. కాని యీ భాషలో బసివాని కొక్క కథయైనను జెప్పజాలనని యొప్పుకొనుటకు సిగ్గుపడను.

'బాల' పత్రికయు నీ మార్గముననే నడచెను. మదరాసు బడిలో జదువుచున్న ముళ్లపూడి వెంకటరమణ గారి తొలి కథ 1945లో నందే యచ్చయ్యెను. పండ్రెండేండ్ల ప్రాయపు బాపుగారి తొలి బొమ్మలకును నదియే చోటిచ్చెను. పిల్లల చేతివ్రాతను చిత్తుకాగితముగా నెంచక అచ్చొత్తించుట యెంతటి ఫలము నిచ్చునో తెలుగువారికి వేఱుగా జెప్ప బనిలేదు.

ఇక మా ప్రాంతపు మాట. మొయినాబాదు సమీపమున పెద్దమంగళారమున జన్మించిన కొండా వెంకటరంగారెడ్డిగారు 1936లో షాద్‌నగరున జరిగిన ఆంధ్రమహాసభ కధ్యక్షులు. నిజాము రాజ్యమునందు పై చదువు ఉర్దూలో నుండగా, తెలుగు పిల్లలకు దెలుగున విద్య కావలెనని యా సభవారు కోరుచుండిరి. అట్టి నేలపై బాలానందపు టాటపాటలు తెలుగున వినవచ్చుట చిన్న విషయమా? అన్నయ్యగారు గతించిన తరువాతనే నాకు దెలివి వచ్చినను, ఆదివారమునాడు మా యింటి ట్రాన్సిస్టరు చుట్టు మేము మూగుట నాకు జ్ఞాపకమున్నది.

కాని యొక లోప ముండెను. స్టూడియో నగరమున నున్నది. చేవెళ్ల పిల్లలు వినువారే గాని పలుకువారు గారు. ఆ దూరము కిలోమీటర్లలో గొలువదగినది కాదు. యంత్రమును నిందించి ఫలమేమి? అన్నయ్యగారి పాఠము యంత్రమున లేదు గదా! పిల్లవాని మాటను విను చెవియే స్టూడియో. అది ప్రతి బడిలోను నుండవచ్చును.

నా తప్పొకటి చెప్పెదను. మా తరగతిలో నొక బాలుడు రెండేండ్లు మూగవానివలె గూర్చుండెను. మందబుద్ధియని నేను నిశ్చయించితిని. ఒకనాడు పాఠమును గట్టిపెట్టి, నిన్న నేమి చేసితివని యడిగితిని. తెల్లవారకముందే తండ్రితో టమాటల బుట్టలు వేసికొని మార్కెట్టునకు బోయెనట, ధర పడిపోయెనట, తండ్రి బుట్టలను దింపక యెంతసేపు బేరమాడెనో, తిరిగి వచ్చునప్పుడు త్రోవలో నొక్క మాటయు నెట్లాడకుండెనో వాడు చెప్పెను. తరగతి యంతయు గదలక వినెను. మందబుద్ధి యెవరిదో నా కానాడు తెలిసెను.

నేడు పిల్లల చేతులలో ఫోనులున్నవి. అవి యెడతెగక మాటలాడుచున్నవి; పిల్లలు మరల వినువారే యైరి. వానిని లాగికొనుటతో మన పని తీఱదు. లాగికొన్న చేతనే కొంత తీరిక నీయవలెను. వారానికొక గంట పిల్లలే కథ జెప్పవలెను, మనము వినవలెను. దీనికి ప్రభుత్వపు టుత్తరువక్కరలేదు, ధనమక్కరలేదు. ఉపాధ్యాయులారా, మన మొక్క గంటసేపు నోరు మూసికొనిన జాలును.