పక్షవాత నివారణ శస్త్రచికిత్స ట్రయల్స్: రోగుల నమోదు
మెడలోని కెరోటిడ్ ధమని సన్నబడినవారిని, వారి సమ్మతితో, మందులు, శస్త్రచికిత్స, స్టెంటులలో ఒకదానికి లాటరీ పద్ధతిన కేటాయించే అధ్యయనంలో చేర్చుకోవడమే ఈ నమోదు. లక్షణాలు లేనివారిలో పక్షవాతం అరుదు కాబట్టి తేడా తేలాలంటే వేలమంది కావాలి. 33 దేశాల్లో సాగిన ఏసీఎస్‌టీ-2 అనే ఇలాంటి ట్రయల్‌కు 3,625 మంది దొరకడానికి 2008 నుంచి 2020 దాకా పట్టింది.

చదువు తక్కువైనచోట రోగులు ముందుకు రారన్న వాదన నిలవదు. చదువు బాగా ఉన్న జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలోనే స్పేస్-2 అనే ట్రయల్ 3,500 మందికి పైగా ఆశించి 513 మంది వద్దే ఆగిపోయింది. ఏ చికిత్స మేలో తనకే తెలియదని చెప్పడం వైద్యుడికి, లాటరీకి ఒప్పుకోవడం రోగికి ఎక్కడైనా కష్టమే. కర్నూలు, కడప జిల్లాల్లో అసలు చిక్కు సమ్మతికి ముందూ తర్వాతా ఉంది. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయాకే చాలామంది కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో వస్తారు. అంతకుముందు మెడకు డాప్లర్ పరీక్ష అరుదు. పైగా భారతీయుల్లో పుర్రె లోపలి ధమనులు పూడుకోవడం ఎక్కువగా కనిపిస్తుంది కనుక అర్హులు ఇంకా తగ్గుతారు. చేరినవారిని ఏళ్ల తరబడి గమనించాలి. కోసిగి, మంత్రాలయం పల్లెల కూలీలేమో సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తారు. అందుకే గుంటూరు వైపు ఆసుపత్రిలోనూ పరీక్షించే వీలు, దారిఖర్చు, పోయిన కూలి అధ్యయన ప్రణాళికలోనే ఉండాలి. డబ్బు ప్రలోభమవుతుందన్న అభ్యంతరం సరైనదే. ఎథిక్స్ కమిటీ ఆమోదంతో, జరిగిన నష్టానికి మించకుండా ఇస్తే అది తొలగుతుంది.