తుగ్యానీ తర్వాత ఇల్లు

మా ఇళ్ళల్లో వరద అనరు, తుగ్యానీ అంటారు. ఏ తుగ్యానీ అని అడిగేవాళ్ళుండరు. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచేసిన రోజే మాకు తుగ్యానీ. చనిపోయినవాళ్ళు సుమారు 15 వేలని లెక్క. కోల్సావాడి లాంటి మొహల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీళ్ళే తీసుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది బతికారని నేటికీ చెప్పుకుంటాం.

తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చెరువుల సంగతి బడిపిల్లలకూ తెలుసు. ఇళ్ళ సంగతే ఎవరూ ఎత్తరు. వరద వెనకే 1911లో ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గాలీ వెలుతురూ లేని బస్తీలను కూల్చి నాంపల్లి, మొగల్‌పురా, సుల్తాన్‌షాహీ లాంటి చోట్ల కొత్త ఇళ్ళు కట్టింది. రాచరికం పెట్టిన బోర్డు అది, జనాన్ని అడిగి పెట్టింది కాదు. దానికి భజన చేయడం మా పని కాదు. కానీ ఆ ఇళ్ళను చూడండి. చిన్న ఇంటికి కూడా సహన్ ఉంది. ఆడవాళ్ళు పర్దా తప్పకుండా ఆకాశం చూడగల జాగా అది. ఎండ పడుతుంది, గాలి ఆడుతుంది, ప్లేగు ఎలుకకు చీకటి దొరకదు. పత్తర్‌గట్టీలో రోడ్డు వెడల్పు చేసి రాతి కమానుల కింద దుకాణాలు పెట్టారు, పైన నివాసాలు ఉంచారు. బజారు బాగుపడాలంటే బజారు మనిషి ఊరవతలకి పోవాలని అప్పుడు అనుకోలేదు.

1948 తర్వాత కథ మారింది. పోలీసు చర్యతో చాలామంది ముస్లింల నౌకరీలు పోయాయి, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోయినందుకు మేము ఏడవం, అవి పోవలసినవే. అయితే జాగీర్దారుతో పాటు అతని దగ్గర పనిచేసే వంటవాడూ, బగ్గీవాడూ, గుమాస్తా కూడా వీధిన పడ్డారు. దేవిడీలు పంచుకుని, గోడలు లేపి, అమ్ముకుని, ముక్కలయ్యాయి. ఒక్క కుటుంబం ఉన్న చోట పది కుటుంబాలు కిరాయికి దిగాయి. సహన్‌లో గదులు లేచాయి. జాగా చాలనివాళ్ళు మూసీ అంచుకు జరిగారు. పాతబస్తీ మురికి అని ముక్కు మూసుకునేవాళ్ళు ఈ వరసను ఎన్నడూ చదవరు.

2024 సెప్టెంబర్ చివర మూసీ ఒడ్డు ఇళ్ళమీద ఎర్ర అక్షరాలు రాశారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో అక్టోబర్ మొదట్లో కూల్చివేతలు మొదలయ్యాయి. కొందరికి చంచల్‌గూడ దగ్గరి పిల్లిగుడిసెలులో డబుల్ బెడ్రూం ఇళ్ళిచ్చారు. అది దగ్గరే, అందుకే నయం. ప్రమాదం లేదని మేమనడం లేదు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి రెండు జలాశయాల గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్ళొచ్చాయి. నది ఒడిలో పిల్లల్ని పడుకోబెట్టమని ఎవరంటారు?

మా భయం వేరు. ఊళ్ళో ఇంకో చోట కిరాయికి ఇల్లడిగితే ముందు పేరడుగుతారు. పేరు చెప్పగానే ఇల్లు నిన్ననే ఇచ్చేశామంటారు. 1990 డిసెంబర్ అల్లర్ల తర్వాత ముస్లింలూ హిందువులూ ఎవరి మొహల్లాకు వాళ్ళు జరిగిన సంగతి ఈ నగరం మరిచిపోలేదు. కాబట్టి మాకు మొహల్లా అంటే నాలుగు గోడలు కాదు. రాత్రి తలుపు తడితే తీసే పొరుగు, అప్పిచ్చే కిరాణా కొట్టు, ఆడపిల్ల నడిచి పోగల బడి. లాడ్‌బజార్ గాజుల కోసం ఇంట్లో కూర్చుని రాళ్ళు అతికే ఆడమనిషిని ఇరవై కిలోమీటర్ల అవతల అయిదో అంతస్తులో పెడితే ఆమెకు ఇల్లు దొరుకుతుంది, పని పోతుంది. ఇక కిరాయిదారుకు చూపడానికి కాగితమే ఉండదు. కూల్చే ఇంటికి యజమాని ఒకడే, అందులో ఉండేవాళ్ళు మూడు కుటుంబాలు.

మళ్ళీ కట్టండి, తప్పకుండా కట్టండి. ఎత్తుమీద కట్టండి, నీళ్ళు పోయే దారి వదిలి కట్టండి. అదే మొహల్లా పక్కన, కింద దుకాణం పైన ఇల్లుగా కట్టండి. గోడమీద ఎర్ర రంగు వేసేముందు ఆ తలుపు వెనక ఎందరున్నారో, కిరాయి ఎవరు కడుతున్నారో ఒక రిజిస్టరులో రాయండి, తెలుగులోనూ ఉర్దూలోనూ, వాళ్ళు చదువుకోగలిగేటట్టు.