కుడితి తొట్టి నుండి గాజు కొలను దాకా

అక్వేరియం అనగానే నేడు మన కళ్ళకు కట్టేది హోటలు వాకిట్లోనో, వైద్యుని గదిలోనో రంగుదీపాల నడుమ మెరిసే గాజుపెట్టె. లాటిన్ భాషలో ఈ మాటకు అసలు అర్థం పశువులు నీళ్ళు తాగే చోటు. మన వాడుకలో కుడితి తొట్టి వంటిదన్నమాట! 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు తన గ్రంథానికి ఆ పేరు పెట్టిన తరువాతనే మాటకు కొత్త అర్థం స్థిరపడింది. కలవారి వేడుకగా పేరుపడ్డ ఈ వస్తువు పుట్టుక కూడా దాని పేరంత నిరాడంబరమైనదే. తక్కువ ఖర్చుతో నీటిమొక్కల తొట్టి పెట్టుకోదలచినవారు అంగడికి వెళ్ళేముందు ఆ చరిత్రను ఒకమారు తిరగవేయడం మంచిదని నా మనవి.

కథకు మూలం గాలిలో ఉంది. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన మూతపాత్రలో పుదీనా కొమ్మ నుంచాడు. కొన్నాళ్ళకు ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. ఆ పని ఆకు ఒక్కటే చేయలేదనీ, దానికి వెలుతురు కావాలనీ, చీకట్లో మొక్క కూడా గాలిని చెడగొడుతుందనీ 1779లో ఇంగెన్‌హౌజ్ నిరూపించాడు. బడిలో గరాటు కింద హైడ్రిల్లా కొమ్మలు పెట్టి, పైన పరీక్షనాళిక బోర్లించి, బుడగల కోసం కళ్ళప్పగించి చూసిన వారందరికీ ఇది పరిచితమే. మన చెరువుల్లో ఊరకే దొరికే ఆ మొక్కనే నేటి అంగళ్ళలో కట్టలు కట్టి అమ్ముతున్నారు.

నీటి జీవులను గాజుపెట్టెలో ఉంచి పరిశీలించడం 1832 నాటికే సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో జాన్ విల్ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ ప్రారంభించింది. ఆమె చెప్పులు కుట్టే వాని కుమార్తె. తాను దుస్తులు కుట్టి బతికినది. ఆర్గొనాట్ అనే సముద్రజీవి తన గుల్లను తానే నిర్మించుకుంటుందని ఆమె ఆ పెట్టెల సాయంతో తేల్చింది. అయితే అవి సముద్రపు నీటి పెట్టెలు. మంచినీటిలో మొక్కనూ చేపనూ కలిపి ఒక సంసారంగా నిలిపినవాడు లండను రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్.

1849లో ఆయన మొదలుపెట్టిన ప్రయోగంలోని సామగ్రిని చూడండి. సుమారు 12 గాలన్లు, అనగా 55 లీటర్లకు కొంచెం తక్కువ పట్టే గాజుపాత్ర. అందులో సగం వరకు ఊటనీరు. అడుగున ఇసుక, బురద, కొన్ని రాళ్ళు. ఒక చిన్న వాలిస్నేరియా మొక్క. రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు. లండను మసి పడకుండా మూతికి పలుచని మస్లిన్ గుడ్డ. ఇంతే. కొన్నాళ్ళు బాగానే సాగింది. తరువాత మొక్క ముదురాకులు కుళ్ళి నీరు మసకబారింది. చేపల ప్రాణం మీదికి వస్తుందనగా ఆయన అయిదారు చెరువు నత్తలను తెచ్చి వదిలాడు. నత్తలు కుళ్ళును తిన్నాయి, నీరు తేటపడింది, నత్తగుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. ఈ ఫలితాన్ని 1850లో లండను కెమికల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు.

గాజుపై సుంకం 1845లోనే రద్దయి ఉండటంతో ఈ వేడుక వేగంగా పాకింది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరిచారు. ‘చేప విడిచిన గాలి మొక్కకు, మొక్క విడిచిన గాలి చేపకు’ అన్న సూత్రం అందరి నోటా నిలిచింది. మొక్క ఉన్నది గదా అని ఎన్ని చేపలనైనా వేయవచ్చుననే భ్రమ దాని వెంటే వచ్చింది. నీటికి గాలి ప్రధానంగా పైతలం నుండే అందుతుందనీ, ఈ ‘సమతుల్యత’ చాలావరకు కట్టుకథేననీ 1949లో న్యూయార్క్ అక్వేరియంకు చెందిన జేమ్స్ ఆట్జ్ వ్రాశాడు. వారింగ్టన్ వ్యాఖ్యానం అసంపూర్ణమే కావచ్చు, కాని ఆయన అమరిక సరియైనదే. మూతికి గాలి ఆడే గుడ్డనే కట్టాడు. చేపలను రెంటినే వేశాడు. అనుసరించినవారు సూత్రాన్ని పట్టుకొని ఈ పొదుపును వదిలేశారు.

మొక్క చేసే మేలు మరొకటి ఉంది. చేపల విసర్జనం నుండి పుట్టే అమ్మోనియా వాటికే విషం. నీటిలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగానూ, పిదప నైట్రేటుగానూ మారుస్తాయి. మొక్కలు అమ్మోనియాను నేరుగా కూడా పీల్చుకొని పెరుగుతాయి. 1990ల నుండి జపానుకు చెందిన తకాషీ అమానో చూపిన మార్గంలో కార్బన్ డయాక్సైడు సిలిండర్లు, తీక్ష్ణమైన దీపాలు, ఖరీదైన మన్ను వచ్చి చేరాయి. సౌందర్యంలో వాటికి సాటి లేదు. అయితే 1999లో అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ తన గ్రంథంలో మామూలు మన్ను, కిటికీ వెలుగు, ఒత్తుగా మొక్కలు చాలునని వివరించింది. వారింగ్టన్ బురదకు నూటయాభై ఏళ్ళ తరువాత మళ్ళీ మర్యాద దక్కింది.

కనుక మనకు కావలసినవి ఇవి. వెడల్పాటి మూతి గల గాజుతొట్టి. అడుగున ఎరువు కలపని తోటమన్ను ఒక అంగుళం, పైన కడిగిన ఇసుక మరొక అంగుళం. క్లోరిన్ కలిసిన కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో ఒక పగలూ రాత్రీ నిలువ ఉంచి పోయాలి. హైడ్రిల్లా, వాలిస్నేరియా మొదటనే ఒత్తుగా నాటాలి. వెలుతురుకు కిటికీ గాని, ఒక ఎల్‌ఈడీ బల్బు గాని చాలు. నత్తలు వాటంతట అవే మొక్కల వెంట వస్తాయి. కోస్తా ఊళ్ళలో నీటిని వేడిచేసే యంత్రంతో పని లేదు. కొత్త చిగుళ్ళు కనబడేదాకా కొన్ని వారాలు ఆగి, అప్పుడు రెండు మూడు గప్పీలను మాత్రమే వదలాలి. తొందరపడి మొదటిరోజే డజను చేపలు వేసిన ఇంట వారం తిరగకుండా ఆ పసిప్రాణులు తేలిపోవడం తరచు చూసేదే. డబ్బు లేకపోవడం వలన చచ్చిన చేపల కన్నా ఓపిక లేకపోవడం వలన చచ్చినవే ఎక్కువ.

చివరగా ఒక్క హెచ్చరిక. విసుగు పుట్టినప్పుడు తొట్టిలోని మొక్కలను కాలువలో పారవేయకండి. మనకు సాధువైన ఈ హైడ్రిల్లాయే అక్వేరియం వ్యాపారం ద్వారా 1950లలో అమెరికాలోని ఫ్లారిడా చేరి, అక్కడి నదులనూ సరస్సులనూ అల్లుకుపోయింది. పూల అందానికి మురిసి దక్షిణ అమెరికా నుండి తెచ్చుకున్న గుర్రపు డెక్క మన చెరువులను ఏం చేసిందో చెప్పనక్కరలేదు. తీసేసిన మొక్కను ఎండబెట్టి పూలకుండీలో వేస్తే ఎరువైనా అవుతుంది.

సంస్కృతంలో నీటినాచును శైవలమనీ, జలనీలి అనీ అన్నారు. హైడ్రిల్లాకు, వాలిస్నేరియాకు మీ మీ ఊళ్ళ చెరువుగట్ల మీద వాడుకలో ఉన్న తెలుగు పేర్లు తెలిసిన మిత్రులు దయచేసి తెలియజేస్తే, ఆ మాటలను పదిలపరచుకుంటాను.

స్వస్తి.