బ్రేకులో బుడగ

కారు నడపడం నాకు పదిహేను రోజుల్లో వచ్చింది. ఆపడం మాత్రం 1983లో గాని రాలేదు. ఆ పాఠం కళింగపట్నంలో జరిగింది. ఒకప్పుడు ఓడలు వచ్చి లంగరు దించిన రేవు గదా, ఆగడమంటే ఏమిటో తెలిసిన ఊరే!

మా పాత అంబాసిడర్‌కి వెనక చక్రం దగ్గర నూనె చెమ్మ కనిపించింది. "రెండు రబ్బరు కప్పుల కోసం శ్రీకాకుళం దాకా ఎందుకండీ? మనమే వేసేద్దాం" అన్నారు మా బావగారు. చక్రం ఊడదీశాం, డ్రమ్ము లాగాం, సిలిండరులో కొత్త కప్పులు వేశాం, డబ్బాలో తగ్గిన బ్రేకు నూనె పోశాం. ఘనకార్యం చేసినవాళ్లలా కాఫీలు తాగాం. మర్నాడు పిల్లలతో శ్రీకూర్మం ప్రయాణం.

సాయంత్రం ఒక్కణ్ణే దీపస్తంభం వైపు బండి తీశాను. దూడ అడ్డొచ్చింది. బ్రేకు తొక్కితే తడి దూదిలో కాలు పెట్టినట్టు నేలదాకా దిగిపోయింది! హ్యాండుబ్రేకు లాగాను. అది తీగతో పనిచేసేది, నూనెతో దానికి నిమిత్తం లేదు. బండి ఇసకలోకి దిగి ఆగింది. దూడ నా వంక చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది. నేను మాత్రం వెనక్కి తిరిగి ఖాళీ సీటు చూశాను. మర్నాడు అక్కడ ఐదుగురు పిల్లలు కూర్చోవాలి.

అసలు బ్రేకుల్లోకి నూనె ఎలా వచ్చిందో కాస్త చెప్పుకోవాలి. తొలినాటి కార్లలో బ్రేకుల్ని కడ్డీలూ తీగలూ లాగేవి. నాలుగూ ఒక్కలాగే లాగితేనా! ఒక చక్రం ముందే పట్టేది, ఇంకోటి బద్ధకించేది, బండి పక్కకి ఈడ్చేది. ఈ తగవు తీర్చినవాడు అమెరికాలోని మాల్కం లాగ్‌హెడ్. జనం పేరు సరిగా పలకడం లేదని ఆ కుటుంబం దాన్ని లాక్‌హీడ్ అని మార్చుకుంది. విమానాల లాక్‌హీడ్ వాళ్లదే. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పోతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన మాటే ఆయనకు ఆధారం. 1917లో పేటెంటు పుచ్చుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకీ, 1924లో క్రైస్లర్‌కీ ఆ బ్రేకులు వచ్చాయి. ఫోర్డు వాళ్లు 1939 దాకా ఒప్పుకోలేదు. మొదట్లో వాడిన తోలు కప్పులు కారుతుంటే క్రైస్లర్ ఇంజనీర్లు రబ్బరువి పెట్టారు. ఆ రోజుల్లో బ్రేకు నూనె అంటే ఏమిటనుకున్నారు? ఆముదంలో ఆల్కహాలు కలిపిన ద్రవాలు! మా బామ్మ మా మాడుకి మర్దించిన ఆముదమే.

ఇంత చరిత్రకీ శత్రువు ఒక్కటే: గాలి. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. మన కాలి బలమంతా బుడగని నలపడానికే సరిపోతే చక్రం దాకా ఏం పోతుంది?

ఈ సంగతి మర్నాడు ఒక ముసలి లారీ మెకానిక్ ఒక్క ప్రశ్నలో తేల్చేశాడు. "కప్పులేసీసినారు సరే, గాలి తీసినారేటి బావూ?"

మేం తియ్యలేదు.

నన్ను పెడలు దగ్గర కూర్చోబెట్టి, దూరపు చక్రంతో మొదలెట్టాడు. "తొక్కండి... అలాగే ఉంచండి" అని నిపిలు వదులు చేస్తే, రబ్బరు గొట్టంలోంచి సీసాలోకి బుడగలు వరస కట్టాయి. నిపిలు బిగించాకే కాలు తియ్యనిచ్చాడు. పైన డబ్బా ఖాళీ కాకుండా మా బావగారిని కాపలా పెట్టాడు. పనిలో పనిగా జబ్బుల లక్షణాలూ చెప్పాడు. మెత్తగా ఉండి, గబగబా తొక్కితే పైకి లేస్తే గాలి. తొక్కి ఉంచితే మెల్లగా దిగిపోతే ఎక్కడో కారుతోందనో, మాస్టరు సిలిండరు కప్పు పోయిందనో. బండి పక్కకి లాగితే ఒక చక్రం లైనింగుకి నూనె అంటిందేమో, షూ సర్దుబాటు కుదరలేదేమో చూడాలి. ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయట. ముందురోజు డబ్బా అడుగున మిగిలిన ఇంజను ఆయిలే పోసేద్దామన్న మా బావగారు ఆ మాటకి సముద్రం వైపు చూశారు.

మా బండిలో నాలుగు చక్రాలకీ నూనె దారి ఒక్కటే. ఒకచోట తప్పు జరిగితే నాలుగూ పోతాయి. అమెరికా 1968 నుంచి కొత్త కార్లకి రెండు వేరు దారులు ఉండాలని చట్టం చేసింది. ఆ తర్వాత లోకమంతా అదే పద్ధతి. నేటి ఏబీఎస్ బండ్లలో గాలి తియ్యడానికి కొన్నిసార్లు కంప్యూటరు సాయమూ కావాలి.

శ్రీకూర్మం ఒకరోజు ఆలస్యంగా వెళ్లాం. పిల్లలు అలిగారు. కారణం చెప్పలేదు. అప్పట్నించి బ్రేకు మీద ఎవరు చెయ్యి వేసినా, బండి కదలకముందే పెడలు తొక్కి చూస్తాను. కాలి కింద గట్టిగా తగిలితేనే పిల్లల్ని ఎక్కమంటాను.